మాటల్లేని పాటలు అడిగావు కదా, ఇదిగో వరస

ఒరేయ్ బుజ్జీ,

నిన్న రాత్రి నువ్వు పెట్టిన మెసేజి చూశాన్రా, అప్పటికే కళ్ళు మూతలు పడుతున్నాయి అందుకే రిప్లై ఇవ్వలేదు, అత్త అలిగిందేమో అనుకోకు. కోడింగ్ చేస్తుంటే పాటలో మాటలు చెవిన పడి డిస్టర్బ్ అవుతోంది, మాటల్లేని ప్రోగ్ రాక్ (పొడుగ్గా, మలుపులతో సాగే రాక్), జాజ్ ఫ్యూజన్ (జాజ్‌లో రాక్ లాంటివి కలిపింది) ఆల్బమ్స్ ఓ ఇరవై లిస్ట్ పెట్టు అన్నావు. ఇరవై పేర్లు రాయడం ఎంతసేపు, పది నిమిషాలు పట్టదు. కానీ రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు, ఒక్కోదాన్నీ నాలుగేసి నిమిషాలు విని, అన్నీ కలిపి షఫుల్‌లో పడేసి, వారం తిరిగేసరికి మళ్ళీ నీ పాత ప్లేలిస్టుకి పోతావు. తొంభైల్లో మీ నాన్నకి ఇలాగే ఓ సంచీడు క్యాసెట్లు ఇచ్చాను, వాడు వాటి మీద పాత సినిమా పాటలు రికార్డ్ చేయించుకుని ఆర్నెల్ల తర్వాత ఆ సంచీ నాకే తెచ్చిచ్చాడు, పైగా "బాగున్నాయే అక్కా" అని. అందుకని లిస్టు కాదు, వరస చెప్తా. ఒక్క ఆల్బమ్ ఒక్క వారం, అదే మళ్ళీ మళ్ళీ, నీ పీజీ నుంచి సిరుసేరి దాకా ఆఫీసు బస్సులో గంట పడుతుందిగా, అది చాలు.

ఇంకోటి, ఇవన్నీ పని చేసుకుంటూ వినేవి అనుకున్నావు చూడు, అక్కడే తప్పు. కొన్ని పనికి అడ్డం రావు. కొన్ని మాత్రం కీబోర్డు మీద నీ చేతులు ఆపేస్తాయి, అలాంటివి బస్సులో విను.

మొదటి వారం జెఫ్ బెక్, బ్లో బై బ్లో, 1975. దీనితోనే ఎందుకంటే ఇందులో గిటారు పాడుతుంది. బీటిల్స్‌కి రికార్డింగ్ చేసిన జార్జ్ మార్టిన్ దీనికి ప్రొడ్యూసరు, అందుకే ఎక్కడా గజిబిజి ఉండదు, ప్రతి వాయిద్యం దాని చోట అది కూర్చుని ఉంటుంది. రెండో సగంలో కాజ్ వి హావ్ ఎండెడ్ యాజ్ లవర్స్ అని ఒకటుంది, స్టీవీ వండర్ రాసిచ్చింది, అది విన్నప్పుడు గిటారు తీగని ఆయన ఎలా లాగి వదులుతున్నాడో చూడు, మన గమకం లాంటిదే, స్వరం దగ్గరికి నేరుగా రాడు, కింద నుంచి జారి వస్తాడు. నేను పదహారేళ్ళ దాకా నెల్లూర్లో వయొలిన్ నేర్చుకున్న దాన్ని కదా, ఇది మొదటిసారి విన్నప్పుడు ఈయనకెవరో మన గురువు ఉన్నారనుకున్నా, ఎవరూ లేరు.

రెండో వారం హెర్బీ హాంకాక్, హెడ్ హంటర్స్, 1973. మొదటి ట్రాక్ కమీలియన్ పదిహేను నిమిషాల పైనే ఉంటుంది, భయపడకు. మొదట్లో దడ్ దడ్ మని వచ్చే బేస్ ఉంది చూశావా, అది బేస్ గిటారు కాదు, సింథసైజర్ మీద ఆయనే వాయించాడు. మొదటి రోజు మొత్తం ఆ బేస్ ఒక్కదాన్నే పట్టుకో, మిగతావాళ్ళు ఏం చేస్తున్నా పట్టించుకోకు. రెండో రోజు డ్రమ్స్. మూడో రోజు కీబోర్డు. నాలుగో రోజు అన్నీ కలిపి విను, అప్పుడు నీకే తెలుస్తుంది. నేనైతే ఏ కొత్త ఆల్బమ్ అయినా ఇప్పటికీ ఇలాగే వింటా, మీ మావయ్య "అదే పాట ఎన్నిసార్లే" అని తలుపేసుకుంటారు. రెండో ట్రాకు వాటర్‌మెలన్ మ్యాన్ మొదలయ్యేది బీరు సీసాలో గాలి ఊది తీసిన శబ్దంతో. కుండ మీద కచేరీ చేసే ఊళ్ళో ఉన్నాం, మనకి సీసా ఏం వింత చెప్పు.

ఇక్కడ ఒక్క వారం ఆగి తాళం లెక్క నేర్చుకోవాలి. ఇది ఫ్యూజన్ కాదు, మామూలు జాజే, డేవ్ బ్రూబెక్ వాళ్ళ టేక్ ఫైవ్, 1959. ఐదు లెక్క. మన ఖండచాపు తక తకిట కదా, రెండు మూడు, వీళ్ళది తిరగేసి తకిట తక, మూడు రెండు. మధ్యలో డ్రమ్స్ వాళ్ళాయన సోలో వాయిస్తుంటే కూడా పియానో ఆ ఐదు లెక్కని వదలకుండా పట్టుకునే ఉంటుంది, నీలాంటి కొత్తవాడికి తాళం వేసి పెట్టినట్టు. తొడ మీద వేసుకుంటూ విను, బస్సులో పక్కవాడు చూస్తే చూడనీ. నీకు ఏడేళ్ళప్పుడు డిసెంబర్లో మైలాపూర్ సభకి తీసుకెళ్ళాను గుర్తుందా, తని ఆవర్తనం, అదే మృదంగం ఘటం వాళ్ళు మాత్రమే వాయించే భాగం, మొదలవగానే జనం అంతా లేచి క్యాంటీన్ వైపు పోతుంటే నువ్వు మాత్రం కదలకుండా ఆ ఘటం ఆయన చేతుల్నే చూస్తూ కూర్చున్నావు, బోండా తెస్తా రారా అన్నా రాలేదు. ఆ చెవి నీకు ఉంది, లెక్కలు వచ్చాయని చెప్పి దాన్ని వాడకుండా పారేశావంతే.

ఆ చెవి ఉంటే నాలుగో వారం మహావిష్ణు ఆర్కెస్ట్రాకి పోవచ్చు. బర్డ్స్ ఆఫ్ ఫైర్, 1973. జాన్ మెక్లాఫ్లిన్ గిటారు, బిల్లీ కాబమ్ డ్రమ్స్, జెర్రీ గుడ్‌మన్ వయొలిన్, యాన్ హ్యామర్ కీబోర్డు, రిక్ లెయర్డ్ బేస్. టైటిల్ ట్రాక్ 18 లెక్కలో నడుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నీకు సమం, అంటే తాళం మొదలయ్యే చోటు, దొరకదు, నాకూ దొరకలేదు, సిగ్గుపడక్కర్లేదు, గంట కొట్టి మొదలుపెట్టిన చోటు నుంచి గిటారు తిప్పుతున్న ఆ ముక్క ఎప్పుడు తిరిగి మొదటికొస్తోందో అదొక్కటే చూడు. ఇది వింటూ కోడ్ రాస్తే బగ్గులు నా మీద పెట్టకు.

ఇదే మెక్లాఫ్లిన్ ఆ తర్వాత కరెంటు గిటారు పక్కన పెట్టి, మనవాళ్ళతో కూర్చుని శక్తి అని బ్యాండు మొదలుపెట్టాడు. అంతకుముందే అమెరికాలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. గిటారుకి అడ్డంగా ఏడు శ్రుతి తీగలు వేయించుకుని, మెట్ల మధ్య చెక్కని గుంటలుగా తొలిపించుకున్నాడు, తీగ లాగితే గమకం పలకాలని. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రామ్, మృదంగం ఆర్. రాఘవన్. మొదటి ఆల్బమ్ 1975లో స్టేజీ మీద వాయిస్తుండగా రికార్డ్ చేసింది, ఏడాది తర్వాత వచ్చింది. రెండో సైడు మొత్తం ఒకటే ట్రాకు, దాదాపు 29 నిమిషాలు. నాకు చాలా ఇష్టం, కానీ నిన్ను ఇక్కడ మొదలుపెట్టమనకపోవడానికి కారణం ఉంది, మన చెవికి ఇది తెలిసిన వంటలా ఉండి, బాగుందే అనేసి పక్కన పెట్టేస్తాం, అవతలి వైపు నుంచి వస్తేనే ఆ గిటారాయన ఎంత దూరం నడిచొచ్చాడో తెలుస్తుంది. తర్వాత 1990ల చివర్లో రిమెంబర్ శక్తి అని మళ్ళీ కలిశారు, అందులోకి మన పాలకొల్లు పిల్లాడు మ్యాండలిన్ శ్రీనివాస్ వచ్చాడు. ద బిలీవర్ అన్న ఆల్బమ్ విను. అందులో మ్యాండలినూ గిటారూ ఒకదానికొకటి జవాబులు చెప్పుకుంటుంటే... దాని గురించి రాయలేను, ఆయన 2014లో పోయినప్పటి నుంచి ఆ ఆల్బమ్ కొంచెం జాగ్రత్తగా పెట్టుకుంటున్నా, ఊరికే తీయను.

స్పీడు చూసి మోసపోకు, ఈ మాట చెప్పాలంటే నా పరువు తక్కువ కథ ఒకటి చెప్పాలి. పెళ్ళై మద్రాసు వచ్చిన కొత్తలో ఓ కొట్టు ఉండేది, ఖాళీ క్యాసెట్ ఇచ్చి ఏం కావాలో చెప్తే వాళ్ళ దగ్గరున్న రికార్డు నుంచి ఎక్కించి ఇచ్చేవాళ్ళు. తొంభై నిమిషాల క్యాసెట్ ఇచ్చి ఒక సైడుకి చిక్ కొరియా బ్యాండు రిటర్న్ టు ఫరెవర్ వాళ్ళ రొమాంటిక్ వారియర్, 1976ది, ఎక్కించమన్నా. ఆ ఆల్బమ్ దాదాపు 46 నిమిషాలు, సైడేమో 45. చివరి ట్రాకు పదకొండు నిమిషాల పైన ఉంటుంది, మంచి జోరులో ఉండగా కటిక్కున ఆగిపోయేది. నేనేమో అదే వాళ్ళ స్టైలు అనుకున్నా! ఆఫీసులో కొలీగ్స్‌తో కూడా "చిక్ కొరియా ఎంత ధైర్యంగా మధ్యలో ఆపేశాడో చూడండి" అని ఏళ్ళ తరబడి చెప్పుకుంటూ తిరిగా. సీడీ కొన్నాక గానీ తెలీలేదు, దానికి శుభ్రంగా ముగింపు ఉందని. ఇందులో అల్ డి మియోలా గిటారు వేళ్ళు కనపడనంత జోరు, మొదట అందరూ దానికే పడిపోతారు, నేనూ పడ్డా, నువ్వు మాత్రం మధ్యలో టైటిల్ ట్రాకు ఉంది చూడు, కరెంటు లేకుండా మామూలు గిటారు, పియానోతో వాయించింది, అక్కడ ఎక్కువసేపు ఉండు.

వెదర్ రిపోర్ట్ అనే బ్యాండు వాళ్ళ హెవీ వెదర్, 1977, ఇది కూడా పెట్టుకో. జాకో పాస్టోరియస్ వాయించేది మెట్లు లేని బేస్, అంటే మా వయొలిన్ లాగే వేలు ఎక్కడ పెడితే అదే స్వరం, కొంచెం అటూ ఇటూ అయితే పరువు పోతుంది. బర్డ్‌ల్యాండ్ అందరికీ తెలుసు, నాకు మాత్రం రెండోది, ఎ రిమార్క్ యు మేడ్, నెమ్మదిగా నడిచేది. టీన్ టౌన్‌లో బేసూ డ్రమ్సూ రెండూ ఆయనే.

ప్రోగ్ సంగతికొస్తే మాటల్లేనివి తక్కువే, వాళ్ళలో చాలామందికి పాడకపోతే తోచదు. క్యామెల్ వాళ్ళ స్నో గూస్ మాత్రం 1975లో మొత్తం మాటల్లేకుండానే తీశారు. పాల్ గాలికో రాసిన కథ అది, దెబ్బ తగిలిన ఒక పెద్ద బాతు, దాన్ని తెచ్చిన పిల్ల, లైట్‌హౌస్‌లో ఒంటరిగా ఉండే ఒక గూనివాడు, తర్వాత డన్‌కర్క్ యుద్ధం. రచయిత అభ్యంతరం చెప్తే కవరు మీద దీని ప్రేరణతో చేసిన సంగీతం అని వేసుకోవాల్సొచ్చింది. ఒక్కో మనిషికీ ఒక్కో రాగం ముక్క ఉంటుంది, అది మళ్ళీ మళ్ళీ వస్తుంది, కథ తెలుసుకుని విను. కోడింగ్‌కి ఇది హాయిగా సరిపోతుంది. మైక్ ఓల్డ్‌ఫీల్డ్ ట్యూబులర్ బెల్స్ కూడా సరిపోతుంది, 1973, వర్జిన్ రికార్డ్స్ వేసిన మొదటి ఆల్బమ్ అదే, వాడికి పంతొమ్మిదేళ్ళు రికార్డ్ చేసేటప్పుడు, దాదాపు అన్నీ వాడే వాయించాడు. ఆ మొదటి పియానో వింటూ లెక్కేయి, ఏడు తర్వాత ఎనిమిది, మొత్తం పదిహేను. వెతికేటప్పుడు 1973ది పెట్టుకో, 2003లో మళ్ళీ కొత్తగా వాయించి వదిలాడు, అది నున్నగా ఉంటుంది, నాకు నచ్చదు. రాత్రి డెడ్‌లైన్ ఉన్నప్పుడు మైల్స్ డేవిస్ ఇన్ ఎ సైలెంట్ వే, 1969, రెండే ట్రాకులు, అంతకంటే మంచి తోడు లేదు. అదే ఆయన బిచెస్ బ్రూ జోలికి ఇప్పుడే వెళ్ళకు, గొప్పదని అందరూ అంటారు కదా అని నేను దానితోనే మొదలుపెట్టి పది నిమిషాల్లో ఆపేసి రెండేళ్ళు జాజ్ ముట్టుకోలేదు.

ఇప్పటివాళ్ళలో స్నార్కీ పప్పీ, వి లైక్ ఇట్ హియర్. నెదర్లాండ్స్‌లో ఊట్రెక్ట్ అనే ఊళ్ళో జనాన్ని చుట్టూ కూర్చోబెట్టి అందరికీ హెడ్‌ఫోన్లు పెట్టి వాయించారు, వీడియో కూడా ఉంది, లింగస్ అన్నది చూడు, కోరీ హెన్రీ కీబోర్డు సోలో వాయిస్తుంటే పక్కన వాయించేవాళ్ళ మొహాలు చూడు. అది మొదలయ్యేది కూడా ఐదు లెక్కలోనే, నీకొచ్చేసింది. లిక్విడ్ టెన్షన్ ఎక్స్‌పెరిమెంట్, యానిమల్స్ యాజ్ లీడర్స్ లాంటి బ్యాండ్లు నీ ఫ్రెండ్స్ చెప్తారు, బాగానే ఉంటాయి, నాకు ఊపిరి పీల్చుకోడానికి చోటు దొరకదు, వయసు కావొచ్చు.

మన ఊళ్ళో వాళ్ళని మర్చిపోతే కళ్ళు పోతాయి. ఇళయరాజా గారి హౌ టు నేమ్ ఇట్, 1986, త్యాగరాజ స్వామికీ బాఖ్‌కీ అంకితం ఇచ్చింది, వి.ఎస్. నరసింహన్ గారి వయొలిన్. ఫ్యూజన్ అని అనొచ్చో లేదో మీరూ మీరూ కొట్టుకోండి. జటాయు అని చెన్నై కుర్రాళ్ళ బ్యాండు ఉంది, గిటార్ల మీద కర్ణాటకం గమకాలు పలికిస్తారు, ఇక్కడ ఎక్కడైనా వాయిస్తే టికెట్ తియ్యి, నేనూ వస్తా.

ఖరీదైన హెడ్‌ఫోన్స్ కొనకు, బేస్ ఢమఢమ మోగేవి అసలు వద్దు, మిగతావన్నీ మింగేస్తాయి. యాప్‌లో షఫుల్ ఆపు, పాటకీ పాటకీ మధ్య గ్యాప్ రాకుండా సెట్టింగు ఉంటుంది అది ఆన్ చెయ్యి, లేకపోతే స్నో గూస్ ముక్కలు ముక్కలై పోతుంది. డీలక్స్ ఎడిషన్ అని చివర అరడజను బోనస్ ట్రాకులు అంటించి ఉంటారు, అసలు ఆల్బమ్ అయిపోగానే ఆపెయ్, నా క్యాసెట్ లాగా మధ్యలో కాదు.

ఆదివారం నంగనల్లూరు వచ్చెయ్. మీ మావయ్య పెళ్ళిళ్ళకి పోతున్నారు, ఇల్లు మనదే. పాత యాంప్లిఫయరు బాగానే ఉంది, దాని వెనక రెండు గుండ్రటి పిన్నులుంటాయి, ఫోనుకి తగిలించే వైరు నీ దగ్గర ఉంటే తీసుకురా, లేకపోతే రిచీ స్ట్రీట్‌లో కొనుక్కురా. పెసరట్టుకి నానబోస్తా. బ్లో బై బ్లోలో నీకు ఏ ట్రాకు నచ్చిందో చెప్పకపోతే ఉప్మా లేకుండా పెడతా.

మీ అత్త