తాగుడు మానడానికి మనోబలం చాలదా, మాత్ర ఎందుకు?

మీ బాబాయికి డాక్టరు తాగుడు మానడానికి నాల్‌ట్రెక్సోన్ అనే మాత్ర రాస్తే "మనోబలం ఉంటే చాలదా?" అని అడిగారు. ఈ మాట మా ఇంట్లో పదేళ్లు విన్నాను. మా అన్నయ్య అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టలేదు. మనోబలం లేనివాడికి అది సాధ్యమా? మాల తీసిన సాయంత్రమే బెల్టు షాపు దగ్గర కనిపించాడు.

అప్పుడే ఎవరో చెప్తే అమ్మ పప్పుచారులో డైసల్ఫిరామ్ అనే వేరే తాగుడు మాన్పించే మాత్ర కలిపింది. ఆ రాత్రి తాగొచ్చాక ముఖం ఎర్రబడి, వాంతులు, గుండె దడ. ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. ఆ మాత్ర వేశాక తాగితే ఒంట్లో ఎసిటాల్డిహైడ్ అనే విషం పేరుకుపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. తెలియకుండా కలపడం మహాపాపం. విషయం తెలిశాక అన్నయ్య మూడు నెలలు అమ్మ చేతి ముద్ద తినలేదు. తాగుడు మాత్రం ఆగలేదు.

తర్వాత గుంటూరులో ఒక సైకియాట్రిస్టు లివర్ పరీక్ష చేయించి, మీ బాబాయికి రాసిన ఈ నాల్‌ట్రెక్సోనే 50 మిల్లీగ్రాములు రోజుకొకటి రాశారు. మద్యం కడుపులో పడగానే మెదడులో ఎండార్ఫిన్లు అనే సుఖాన్నిచ్చే రసాయనాలు ఊరతాయట. అవి మార్ఫిన్, హెరాయిన్ పట్టుకునే ఓపియాయిడ్ రిసెప్టర్లనే, అంటే మెదడు కణాల మీద ఉండే చోట్లనే, పట్టుకుంటాయి. "ఇంకొక్క పెగ్గు" అనిపించేది అక్కడే. ఈ మాత్ర ముందే వెళ్లి ఆ చోటు ఆక్రమిస్తుంది. కొత్త వింతేమీ కాదు, అమెరికాలో 1994లోనే తాగుడుకి అనుమతించారు. ఫిన్లాండ్‌లో సింక్లెయిర్ అనే శాస్త్రవేత్త అయితే తాగడానికి గంట ముందు వేసుకోమనేవాడు. సుఖం దొరక్కపోతే మెదడే ఆ అలవాటు మరచిపోతుందని ఆయన వాదన. నాకు అదే నిజమనిపిస్తుంది.

ఎందుకంటే కళ్లారా చూశాను. మాత్ర మొదలెట్టిన రెండో నెలలో మేనత్త కొడుకు పెళ్లి. మామిడితోటలో మగాళ్లందరం కూర్చున్నాం. అన్నయ్య సగం గ్లాసు తాగి నావైపు తిరిగి, "ఏంట్రా ఇది, ఉత్త నీళ్లు తాగినట్టుంది" అన్నాడు. సీసా మూత తీసి వాసన చూశాడు. కాసేపు గ్లాసుని అటూ ఇటూ తిప్పి, కింద పెట్టి, పెరుగన్నం ఉందేమో అడగడానికి వెళ్లాడు. పదేళ్లలో అతను గ్లాసు వదిలి లేవడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

ఊరూరా బెల్టు షాపు ఉంది, మాత్ర కోసం మాత్రం గుంటూరు దాకా బస్సెక్కాలి. ఇదెక్కడి న్యాయం?

మీ బాబాయి ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పండి, వాటినీ నాల్‌ట్రెక్సోన్‌నీ కలిపి వేసుకోకూడదు. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ఇంట్లో బంధించి మాన్పించొద్దు.