రాయల్టీలో వాటా వస్తుందని ఫీజు తగ్గించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. పన్నెండేళ్లుగా రాక్ బ్యాండ్లకు రికార్డులు ప్రొడ్యూస్ చేస్తున్నాను. ఏ కంపెనీలోనూ ఉద్యోగిని కాను. నాకూ ఒక బ్యాండ్ ఉంది; గిటార్ వాయిస్తాను, పాటలు రాస్తాను. నిరుడు 118 రోజులు ఫీజు తీసుకుని స్టూడియోలో పనిచేశాను. కొన్ని నెలలు ఊపిరి తీసుకోవడానికి ఖాళీ ఉండదు, కొన్ని నెలలు ఒక్క ఫోనూ రాదు. రెండు నెలల ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. ఇప్పుడు ఒక బ్యాండ్ వాళ్లు, మామూలు ఫీజులో 40 శాతం తగ్గించుకుంటే రికార్డు ఆదాయంలో 3 శాతం ఇస్తామంటున్నారు. వాళ్ల పాటలు నిజంగా బాగున్నాయి. ఒప్పుకోమంటారా? పాత మిక్సింగ్ కన్సోల్ (స్టూడియోలో గొంతులనూ వాద్యాల శబ్దాలనూ కలిపే పరికరం) ఒకటి అమ్మకానికి వచ్చింది. అప్పు చేసి కొనాలని కూడా ఉంది.

జవాబు: ఫీజు తగ్గించుకోకండి. కన్సోల్ ఇప్పుడే వద్దు. ఎందుకో లెక్కలతో చెబుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ 3 శాతం కన్నా 118 అనే అంకె.

ముందు వాటా సంగతి. మీ పూర్తి ఫీజు 100 అనుకుందాం. వాళ్లు 60 ఇస్తారు. వదులుకున్న ఆ 40 మీకు 3 శాతం చొప్పున తిరిగి రావాలంటే, రికార్డుకు 1,333 ఆదాయం రావాలి. అంటే మీ ఫీజుకు 13 రెట్లకు పైగా. అక్కడిదాకా వచ్చినా మీకు లాభం మొదలైనట్టు కాదు, ఈరోజు చేతికి రావాల్సినది ఎన్నాళ్లకో వచ్చినట్టు, అంతే. పైగా ఆ ‘ఆదాయం’ దేని మీద లెక్కిస్తారో ఒప్పందంలో చూడండి. చాలావాటిలో ఖర్చులు పోను మిగిలినదాని మీదే లెక్క. స్టూడియో అద్దె, మాస్టరింగ్, వీడియో, ప్రచారం, చివరికి మీకిచ్చిన ఆ 60 కూడా ముందు తీసేసుకుంటారు. ఆ తర్వాత 13 రెట్లు మిగలాలి.

ఇంకొక మాట. ఆ లెక్క మీకు చూపించేదెవరు? నలుగురు కుర్రాళ్ల బ్యాండ్ మూడేళ్ల తర్వాత విడిపోతే ఆరు నెలలకోసారి స్టేట్‌మెంట్ పంపే మనిషి ఎవరో ఒప్పందంలో పేరు రాసి ఉందా? వాళ్లు మోసం చేస్తారని నా ఉద్దేశం కాదు. మంచివాళ్లే మరిచిపోతారు.

అమెరికన్ రికార్డింగ్ ఇంజినీర్ స్టీవ్ ఆల్బినీ గురించి మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. నిర్వానా 1993లో తెచ్చిన ‘ఇన్ యుటెరో’ ఆల్బమ్‌కు పనిచేసే ముందు, తనకు శాతాలు వద్దని, ప్లంబరుకు ఇచ్చినట్టు చేసిన పనికి డబ్బిస్తే చాలని ఆ బ్యాండ్‌కు ఉత్తరం రాశారాయన. ఆ రికార్డు లక్షల్లో అమ్ముడుపోయింది. అయినా ఆయన మాట మార్చుకోలేదు. పాటల మీద వచ్చే డబ్బు బ్యాండ్‌దే అన్నది ఆయన నమ్మకం. అందరూ అలాగే ఉండాలని నేననను. ప్రొడ్యూసర్‌కు మూడు నాలుగు పాయింట్లు, అంటే ఆదాయంలో మూడు నాలుగు శాతం, ఇవ్వడం ఈ రంగంలో ఉన్న పద్ధతే, అడగడంలో తప్పేమీ లేదు. కానీ నేను ఆయన దగ్గర నేర్చుకున్నది వేరు. ఎవరి రికార్డు ఆడినా ఆడకపోయినా ఆయన పనికి ఆయన డబ్బు అందింది. 1997లో చికాగోలో తెరిచిన ఎలక్ట్రికల్ ఆడియో స్టూడియోను, 2024లో 61 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆ పద్ధతిలోనే నడిపారు. తన సొంత బ్యాండ్లలో వాయిస్తూనే.

కాబట్టి ఆ బ్యాండ్‌కు ఇలా చెప్పండి: పూర్తి ఫీజు కావాలి, సగం మొదటి సెషన్‌కు ముందు, మిగతా సగం ఫైనల్ మాస్టర్ ఫైళ్లు చేతికిచ్చే ముందు. ఒకేసారి ఇవ్వలేకపోతే నాలుగు వాయిదాలు చేయండి, తేదీలు రాయండి. దానిపైన 3 శాతం ఇస్తామంటే సంతోషంగా తీసుకోండి. ఆ 3 శాతాన్ని మాత్రం మీ బడ్జెట్‌లో సున్నాగా రాసుకోండి. అంతగా మనసు పడితే, ఏడాదికి ఒక్క రికార్డు తక్కువ ఫీజుకు చేయండి. అది మీ ఇష్టం కోసం పెట్టే ఖర్చు. పెట్టుబడి అనుకోవద్దు.

ఇక 118. మీ రోజు రేటు ఎలా కట్టారో మీరు రాయలేదు. నేను చూసిన ఫ్రీలాన్సర్లు చాలామంది ఏడాది ఖర్చును పనిదినాలతో, అంటే సుమారు 250తో భాగిస్తారు. మీకు డబ్బు వచ్చింది 118 రోజులే. మిగతా 132 రోజులు ఏమయ్యాయి? బ్యాండ్‌తో మాట్లాడటం, డెమోలు వినడం, కేబుళ్లు సోల్డరింగ్ చేయడం, ‘గిటార్ ఇంకాస్త పెంచండి’ అన్న మెసేజీకి రాత్రి పదకొండింటికి మళ్లీ మిక్స్ తెరవడం. అదీ పనే, కానీ బిల్లు లేని పని. మీరు 250తో భాగించి ఉంటే, మీ రేటు ఉండాల్సినదాంట్లో సగం కన్నా తక్కువ. మళ్లీ లెక్క వేయండి: ఇంటి ఖర్చు, స్టూడియో ఖర్చు, పన్ను, పదవీ విరమణ పొదుపు, పరికరాల రిపేర్లు అన్నీ కలిపి 118తో భాగించండి. వచ్చిన అంకె చూస్తే భయం వేయవచ్చు. ఒక్కసారే పెంచలేకపోతే కొత్తగా వచ్చే బ్యాండ్లకు మొదలుపెట్టండి. మిక్స్‌లో మార్పులు రెండుసార్లు ఉచితం, మూడోసారి నుంచి గంట లెక్క అని ముందే రాసివ్వండి.

ఫోను మోగని నెలల టెన్షన్‌కు రెండు ఖాతాలు చాలు. వచ్చిన ప్రతి ఫీజూ పని ఖాతాలోకి పోవాలి. వచ్చిన రోజే పన్ను వాటా తీసి పక్కన పెట్టండి. ఒకటో తారీఖున ఇంటి ఖాతాకు జీతంలా ఒకే మొత్తం పంపండి. ఎంత? గత 24 నెలల రాబడి కాగితం మీద రాయండి. పన్నూ స్టూడియో ఖర్చులూ తీసేయండి. బాగా వచ్చిన మూడు నెలలను కొట్టేయండి. మిగిలిన 21 నెలల మొత్తాన్ని 24తో భాగించండి. అదే మీ జీతం. మంచి నెలలో మిగిలింది పని ఖాతాలోనే ఉండాలి, ఆరు నెలల జీతం పోగయ్యేదాకా. మీకు పీఎఫ్ కట్టే యజమాని లేడు కాబట్టి ఆ తర్వాత మిగిలేది పదవీ విరమణ పొదుపుకే.

మీ సొంత పాటల హక్కుల దగ్గర మాత్రం పట్టు బిగించండి. పాటకు రెండు హక్కులు ఉంటాయి: రాసి, బాణీ కట్టినదానిపై ఒకటి, రికార్డింగ్‌పై ఇంకొకటి. ప్రొడ్యూస్ చేసినంత మాత్రాన మొదటిది మీకు రాదు. కానీ సెషన్‌లో మీరు కోరస్ బాణీ మార్చినా, పల్లవి మాటలు రాసినా మీరు ఆ పాట రచనలో భాగస్వాములే. ఎవరికి ఎంత శాతమో అదే రోజు, ఆంప్లు ఆపేలోపు, ఒక కాగితం మీద రాసి అందరి సంతకాలు తీసుకోండి. వారం తర్వాత అడిగితే ఒక్కొక్కరికి ఒక్కోలా గుర్తుంటుంది. మీ బ్యాండ్ పాటలు రచయితల హక్కుల సంఘంలో నమోదయ్యాయా, ప్రతి రికార్డింగ్‌కూ దాన్ని గుర్తించే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ ఉందా అన్నది ఈ వారమే చూడండి. ఇక్కడ చిన్నచిన్న మొత్తాలే వస్తాయి, కానీ ఏళ్ల తరబడి వస్తాయి.

కన్సోల్ మీద మీ కోరిక అర్థమైంది. ఒక్క పరీక్ష పెట్టుకోండి: గత రెండేళ్లలో అతి తక్కువ వచ్చిన నెలలో ఆ ఈఎంఐ కట్టగలిగేవారా? ఒక్క ఫోనూ రాని నెలలు ఉన్నాయని మీరే రాశారు. పాత కన్సోల్‌కు కొన్న ధరతో ఖర్చు ఆగదు. కెపాసిటర్లు, స్విచ్చులు, టెక్నీషియన్ చార్జీలు ఉంటాయి. కొనాలనిపిస్తే మైకులు కొనండి, నగదుతో. 1965లో వచ్చిన ష్యూర్ ఎస్ఎం57ను ఇప్పటికీ స్నేర్ డ్రమ్ మీదా గిటార్ ఆంప్ ముందూ పెడుతున్నారు. మంచి మైకు పాతబడినా పనికొస్తుంది, అమ్ముకోవచ్చు. కంప్యూటర్‌కూ ప్లగిన్లకూ ఆ గుణం లేదు.

చివరగా, మీ ఉత్తరంలో బీమా ప్రస్తావనే లేదు. మీ అసలు ఆస్తి చెవులు. అమెరికాలో వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ చెప్పిన పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. డ్రమ్స్ గదిలో నిలబడి మైకులు సర్దేటప్పుడు ఆ 15 నిమిషాలు ఎంత తొందరగా గడిచిపోతాయో మీకు తెలుసు. పనిచేయలేని స్థితి వస్తే ఆదాయం ఇచ్చే పాలసీ తీసుకోండి, వినికిడి లోపం అందులో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఈ నెలలోనే ఆడియాలజిస్టు దగ్గర పరీక్ష చేయించుకుని ఆ రిపోర్టు దాచండి. వచ్చే ఏడాది రిపోర్టును దాని పక్కన పెట్టి చూడాలి.