కారు వెనక హిచ్: ఇంటి దగ్గరే బిగించుకోవచ్చా?

ప్రశ్న: బొలెరో ఉంది. తోట నుంచి జీడిపిక్కల బస్తాలు తేవడానికి రెండు చక్రాల చిన్న ట్రైలరు తీసుకున్నాం. దాన్ని బండికి తగిలించే హిచ్ కిట్టు కూడా వచ్చింది. బోల్టులు చాలునా, వెల్డింగు చేయించాలా?
– ఒక పాఠకుడు, కాశీబుగ్గ

జవాబు: బోల్టులే వేయండి. బొలెరోకి బాడీ కింద వేరే ఛాసిస్ ఉంది కాబట్టి ఇంటి దగ్గర చేసుకోదగ్గ పనే. వెల్డింగు వేడికి ఛాసిస్ ఉక్కు గుణం మారి, అతుకు పక్కనే పగులు మొదలవుతుంది. లోపలి పెయింటు కాలిపోయిన చోట తుప్పు కూడా పడుతుంది.

బండిని గట్టి నేల మీద పెట్టి, ముందు చక్రాలకు చెక్క అడ్డుపెట్టి, వెనక జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి. ఇటుకల మీద నిలిపి కిందకి దూరవద్దు. సైలెన్సరు అడ్డొస్తే దాని రబ్బర్లకు సబ్బునీళ్లు రాసి, కొక్కెం నుంచి జార్చి, తాడుతో వేలాడదీయండి. ఇద్దరు మనుషులుండాలి: ఒకరు హిచ్‌ను ఎత్తి పట్టుకుంటే, ఇంకొకరు బోల్టులన్నీ చేత్తో ఎక్కించాలి. అన్నీ ఎక్కి, హిచ్ బండికి సరిగ్గా మధ్యకు వచ్చిందని రెండు వైపులా టేపుతో కొలిచాకే పానా పట్టండి.

కంపెనీ వదిలిన రంధ్రాలు సరిపోతే వాటినే వాడండి. కొత్తవి వేయక తప్పకపోతే ముందు అవతలివైపు చెయ్యి పెట్టి చూడండి. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపు, వైర్లు అక్కడే ఉంటాయి. చిన్న బిట్టుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి, గ్యాస్ కట్టరుతో కాల్చి వేయకూడదు. రంధ్రం అంచుకు జింకు ప్రైమరు పూయండి, సముద్రపు గాలి తగిలే మన వైపు ఇది మరీ ముఖ్యం.

ఎక్కువమంది తప్పేది ఇక్కడ. ఛాసిస్ పెట్టెలా మూసి ఉన్న చోట ఆరపార బోల్టు వేసి బిగిస్తే రెండు గోడలూ లోపలికి నొక్కుకుపోతాయి. బిగుతు వచ్చినట్టే ఉంటుంది, నాలుగు రోజులకి వదులవుతుంది. లోపల, రెండు గోడల మధ్య కొలతకు సరిగ్గా కోసిన ఉక్కు గొట్టం పెట్టి, దానిలోంచి బోల్టు పోనివ్వాలి. ఒక గోడకే బిగించేట్టయితే పక్కనున్న పెద్ద రంధ్రంలోంచి సన్నని తీగ దూర్చి, దాని కొసకు మందపాటి పట్టీని, బోల్టునీ కట్టి లోపలినుంచి లాక్కోవచ్చు.

బోల్టు తల మీద దాని బలాన్ని చెప్పే అంకె, 8.8 గానీ 10.9 గానీ, చెక్కి ఉండాలి. ఏ అంకె లేని బోల్టు వద్దు. కిట్టు కాగితంలో టార్కు, అంటే ఎంత బలంగా బిగించాలో చెప్పే లెక్క, ఇస్తే అదే పాటించండి. లేకపోతే 8.8 రకం 12 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 80, 10 మిల్లీమీటర్లదానికి సుమారు 45 న్యూటన్ మీటర్లు. ఈ లెక్క పొడి మరలకే. గ్రీజు రాసి ఇదే టార్కు వేస్తే బోల్టు సాగిపోతుంది. ట్రైలరుతో 100 కిలోమీటర్లు తిరిగాక అన్నిటినీ మళ్లీ టార్కు రెంచితో చూడండి.

హిచ్ మీది గుండ్రటి బాల్, దాన్ని పట్టుకునే ట్రైలరు ముక్కులోని కప్లరు, ఈ రెండిటి కొలతలూ చూసుకోండి. 50 మిల్లీమీటర్ల కప్లరులో రెండంగుళాల బాల్, అంటే 50.8, సరిగా లాక్ కాకపోవచ్చు. లాక్ చేశాక ట్రైలరు ముక్కును జాకీతో కొంచెం లేపండి. కారు వెనక భాగం దాంతోపాటే లేస్తే లాక్ పడినట్టు.

ప్రశ్న: మాది చిన్న హాచ్‌బ్యాక్. బంపరు కింద యాంగిల్ వెల్డు చేసి బాల్ పెట్టి ఇస్తామని షాపువాళ్లు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: వద్దండి. ఇలాంటి కార్లకు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీ రేకే బరువు మోస్తుంది. బంపరు బరువు లాగడానికి చేసింది కాదు. కారుతో వచ్చిన మాన్యువల్‌లో ట్రైలరు బరువు ఎంతని ఇచ్చారో చూడండి. ఇవ్వకపోయినా, లాగవద్దని రాసినా, అక్కడితో ఆపేయండి. ట్రైలరుకు రవాణా శాఖలో వేరుగా రిజిస్ట్రేషన్ ఉంటుందని, లాగే కారు నంబరు కూడా ట్రైలరు వెనక కనిపించాలని మర్చిపోవద్దు.

ప్రశ్న: బ్రేకు తొక్కితే ట్రైలరు ఇండికేటర్లు కూడా మసగ్గా వెలుగుతున్నాయి. వైర్లు రెండుసార్లు మార్చాను.
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ఎర్త్ తెగింది. తిరిగి వెళ్లే దారి లేక కరెంటు పక్క బల్బుల్లోంచి పోతోంది. బాల్ మీదుగా ఎర్త్ దొరుకుతుందిలే అని వదిలేస్తారు, గ్రీజు రాసిన బాల్ మీద ఆ నమ్మకం పెట్టుకోకూడదు. ఏడు పిన్నుల గుండ్రటి ప్లగ్గులో మూడో పిన్నుది తెల్ల వైరు, అదే ఎర్త్. దాన్ని పెయింటు గీకిన ఇనుము మీద రింగు టెర్మినల్‌తో బిగించండి. ఒకటి ఎడమ ఇండికేటరు, నాలుగు కుడి ఇండికేటరు, ఆరు బ్రేకు లైటు.

కొత్త కార్లలో మాత్రం టెయిల్ ల్యాంపు వైరుకు ట్రైలరు వైరు చుట్టి టేపు వేయకండి. ఒక్కో 21 వాట్ల బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది, ఆ అదనపు లోడు కారు లైట్లను నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ మీద పడుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో విడిగా కరెంటు తీసుకునే రిలే పెట్టె వేయించండి.

ప్రశ్న: హైవే మీద 60 దాటితే ట్రైలరు అటూ ఇటూ ఊగుతోంది. సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్లాలి.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: సరుకు వెనక్కి ఎక్కువైనట్టుంది. బాల్ మీద పడే బరువు మొత్తం ట్రైలరు బరువులో పదో వంతు దరిదాపుల్లో ఉండాలి: 500 కిలోలకు 50. సమనేల మీద చక్రాలకు అడ్డుపెట్టి, బాల్ ఎత్తుకు సరిపడే చెక్కను తూకం మిషను మీద నిలిపి, దాని మీద కప్లరు ఆనించి చూడండి. బరువైన బస్తాలు ఇరుసు మీదికీ, కాస్త ముందుకీ జరపండి. అలాగని కారు మోయగలిగే హద్దు దాటించవద్దు, వెనక కుంగి ముందు చక్రాలకు పట్టు పోతుంది. ఊగడం మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కకుండా యాక్సిలరేటరు వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకోండి.

మీ ట్రైలరుకు సొంత బ్రేకు లేకపోతే ఘాట్‌కు సరుకు బాగా తగ్గించండి. యూరప్‌లో బ్రేకు లేని ట్రైలరు గరిష్ఠంగా 750 కిలోలే, అదీ కారు బరువులో సగం మించకూడదు. సేఫ్టీ గొలుసులు రెండూ ముక్కు కింద ఒకదాని మీదుగా ఒకటి దాటేలా తగిలించండి. కప్లరు ఊడినా ముక్కు రోడ్డును తాకకుండా అవి పట్టుకుంటాయి. దిగేటప్పుడు మలుపుకు ముందే రెండో గేరులో పడండి, బ్రేకు మీదే కాలు ఉంచకండి. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి డ్రమ్ములు చల్లారేదాకా ఆగండి, వేడి డ్రమ్ము మీద నీళ్లు మాత్రం పోయకండి.