హెడ్‌సెట్ పెట్టుకునే ముందు ఫ్యాన్ ఆపండి

కళ్లకు కట్టుకుంటే చుట్టూ వేరే లోకం కనబడే వీఆర్ హెడ్‌సెట్ కొన్నవాళ్లు సందేహాలు రాయండి అన్నాం, రాశారు. విశాఖ నుంచే ఎక్కువ వచ్చాయి. చాలావరకు అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెచ్చిన హెడ్‌సెట్లే. అందుకే ఈసారికి ఆ ఊరి ప్రశ్నలే తీసుకున్నాం. నేనూ వైజాగ్‌లోనే ఉంటాను, ఇంట్లో మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 3 ఉంది, కాబట్టి కొన్ని జవాబుల్లో కాస్త చనువు తీసుకుంటే ఏమనుకోకండి.

ప్ర: మా అన్నయ్య డల్లాస్ నుంచి క్వెస్ట్ 3 తెచ్చాడు. మొదటి రోజు మా హాలు గోడలు పగిలి, అందులోంచి బొచ్చు బొచ్చు జీవులు బయటికి దూకుతుంటే ఇంటిల్లిపాదీ కేకలు. మర్నాడు పరిగెత్తే ఆట ఒకటి పెట్టాను. కాసేపటికే కడుపులో తిప్పేసింది, సాయంత్రం దాకా మంచం దిగలేదు. ఇది నా ఒంటికి పడదా? అమ్మేయమంటారా?
- ఎంవీపీ కాలనీ పాఠకుడు

జ: అప్పుడే అమ్మకండి. మొదటి రోజు ఆటలో మీరు నిలబడింది మీ హాల్లోనే, నడిస్తే మీ కాళ్లతోనే నడిచారు, అందుకే ఏమీ కాలేదు. రెండో ఆటలో చేతిలో పట్టుకునే కంట్రోలర్ మీది స్టిక్‌ను బొటనవేలితో తోస్తే కళ్ల ముందు లోకం పరిగెత్తింది గానీ మీ కాళ్లు మాత్రం గచ్చు మీదే ఉన్నాయి. కదులుతున్నానని కన్ను అంటుంది, లేదని లోపలి చెవి అంటుంది, ఆ తగువులో కడుపు దెబ్బ తింటుంది. అరకు ఘాట్‌లో బస్సెక్కి ఫోన్ చూసేవాళ్లకు వాంతులయ్యేది కూడా ఈ తగువు వల్లే, కాకపోతే అక్కడ కదిలేది ఒళ్లు, కదలనిది కన్ను.

కాబట్టి కొన్ని వారాలు మీరు నిలబడ్డ చోటే నిలబడి, వస్తువులే మీ మీదికి వచ్చే ఆటలు ఆడండి. బీట్ సేబర్ అందరూ చెప్పే పేరే, పాటకు తగ్గట్టు దూసుకొచ్చే దిమ్మల్ని రెండు కత్తులతో నరకడం, అంతే. అయినా నా లెక్కలో ఇప్పటికీ మొదటి ఆటగా దాన్ని మించింది లేదు. స్టోర్‌లో ప్రతి ఆటకూ అది ఎంత తిప్పుతుందో మూడు స్థాయిల్లో చెప్పే గుర్తు ఉంటుంది, డబ్బు కట్టేముందు అది చూడండి. నడిచే ఆటలు ఆడక తప్పదనుకుంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నడక బదులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతే పద్ధతి పెట్టుకోండి, తిరిగేటప్పుడు నున్నగా కాకుండా తుంపులు తుంపులుగా తిరిగేలా, కదిలేటప్పుడు అంచులు నల్లబడేలా మార్చుకోండి. చూడటానికి అందంగా ఉండదు, కానీ కడుపు ప్రశాంతంగా ఉంటుంది.

ఇంకో మాట. నుదుట చల్లటి చెమట, నోట్లో నీళ్లూరడం మొదలైన క్షణమే తీసేయాలి. ఈ లెవెల్ అయ్యాక తీస్తా అనుకున్నారో ఆ రోజు పోయినట్టే. ఓర్చుకుంటూ ఆడితే అలవాటవుతుందని కొందరు అంటారు, నమ్మకండి. అలవాటయ్యేది, బాగున్నప్పుడే ఆపేసి రేపు మళ్లీ ఆడేవాళ్లకు.

ప్ర: మాది గాజువాకలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. హాల్లో సోఫా, టీపాయ్, టీవీ, ఒక మూల కుట్టుమిషన్. మావాడు హెడ్‌సెట్ పెట్టుకుని చేతులు విసురుతుంటే నాకు టెన్షన్. గీత గీశానమ్మా, దాటితే అదే చెబుతుంది అంటాడు. నిజమేనా? అసలు ఎంత జాగా కావాలి?
- ఓ అమ్మ

జ: మీవాడు చెప్పింది సగం నిజం. ఆడే జాగా చుట్టూ గీత గీసుకుంటే, దాని దగ్గరికి వెళ్లినప్పుడు వల లాంటి గోడ కనబడుతుంది, దాటితే కెమెరాల్లోంచి అసలు గది కనబడుతుంది. తిరుగుతూ ఆడటానికి కనీసం 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఖాళీ ఉండాలి, అంటే ఆరున్నర అడుగులు చొప్పున. టీపాయ్ బయటపెట్టి సోఫా గోడకు జరిపితే మీ హాల్లో ఆ మాత్రం దొరకొచ్చు. దొరక్కపోతే నిలబడ్డ చోటే ఆడే పద్ధతి కూడా ఉంది.

మిగతా సగం ఏమిటంటే, ఆ గీత చుట్టుపక్కలకే, నెత్తి మీదకు కాదు. ఈ వస్తువు తయారుచేసినవాళ్ల మనసులో మన సీలింగ్ ఫ్యాన్ ఉన్నట్టు లేదు. మన ఫ్లాట్లలో నేల నుంచి రెక్కల దాకా ఎనిమిదడుగుల పైచిలుకు ఉంటుందేమో. ఐదడుగుల పది అంగుళాల కుర్రాడు చెయ్యి పైకెత్తితేనే ఏడున్నర అడుగుల దాకా వస్తుంది, చేతిలో కంట్రోలర్, దానికి తోడు ఉత్సాహం వచ్చి ఒక్క గెంతు గెంతితే? అందుకని ఆట మొదలెట్టే ముందు ఫ్యాన్ ఆపాలి, మూలన టేబుల్ ఫ్యాన్ పెట్టాలి. ఆ గాలి ఒకే వైపు నుంచి తగులుతుంటే తను ఎటు తిరిగి ఉన్నాడో కూడా తెలుస్తుంది, కళ్లు తిరగడం తగ్గిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. కంట్రోలర్ తాడు మణికట్టుకు వేసుకోకుండా బంతి విసిరే ఆటలు ఆడనివ్వకండి, టీవీలు పగిలేది అక్కడే.

అద్దం బీరువా ఎదురుగా ఉన్నా, పండక్కి వేసిన సీరియల్ లైట్లు ఉన్నా ఆటలో చేతులు ఎక్కడికో ఎగిరిపోతుంటాయి. హెడ్‌సెట్ కెమెరాలు గదినీ, కంట్రోలర్ల మీద కంటికి కనబడని చిన్న దీపాలనూ చూసి లెక్క వేసుకుంటాయి, మెరిసేవి ఎక్కువైతే ఆ లెక్క తప్పుతుంది. అద్దం మీద దుప్పటి కప్పేస్తే చాలు.

ఇల్లు ఇరుకని డాబా మీదకు వెళ్తామంటారు పిల్లలు. వద్దే వద్దు. పిట్టగోడ సంగతి నేను చెప్పక్కర్లేదు. అది కాకుండా, ఎండ ఆ లెన్సుల్లోంచి పడితే భూతద్దంలోంచి పడినట్టే, లోపలి స్క్రీన్ మీద మచ్చలు కాలిపోతాయి, ఇక అవి పోవు. ఇంట్లో కూడా లెన్సుల వైపు కిటికీకి తిప్పి పెట్టొద్దు.

ప్ర: అక్కయ్యపాలెం నుంచి. ఏసీ గదిలోంచి హాల్లోకి తెచ్చి పెట్టుకోగానే లెన్సులు మసకబారుతున్నాయి. మే నెలలో అయితే ముఖం చుట్టూ ఉండే మెత్త చెమటతో నానిపోతోంది, వాసన. ఏం చేయాలి?

జ: ఇది వైజాగ్ సమస్య, దీనికి మాన్యువల్‌లో జవాబు దొరకదు. చల్లటి లెన్సుకు మన సముద్రపు తేమగాలి తగిలితే ఆవిరి పడుతుంది. ఆడే గదిలోనే కాసేపు ముందుగా ఉంచండి, లేదా ఆన్ చేసి పక్కన పెడితే లోపలి వేడికే అది పోతుంది. మెత్త బదులు సిలికాన్ కవర్ వేసుకుంటే ఆడాక తుడిచేయొచ్చు, అది లేకపోతే నుదుటికి చేతిరుమాలు కట్టుకోండి, ఎలా కనిపిస్తున్నామో మనకు ఎలాగూ తెలియదు. లెన్సుల మీద మాత్రం శానిటైజర్, స్పిరిట్, తడి టిష్యూ ఏవీ పడకూడదు, కళ్లజోడు గుడ్డతో పొడిగా తుడవడమే. కెమెరా ఉన్నవాళ్లను అడగండి, ఈ ఊళ్లో లెన్సులకు బూజు ఎలా పడుతుందో చెబుతారు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో రెండు సిలికాజెల్ పొట్లాలు, హెడ్‌సెట్ బాగా ఆరాక అందులో పెట్టండి.

ప్ర: నేను టీచర్‌ని, 52 ఏళ్లు, మధురవాడ. చదవడానికి మాత్రమే అద్దాలు వాడతాను. హెడ్‌సెట్ తెర కంటికి రెండంగుళాల దూరంలో ఉంటుంది కదా, అద్దాలు పెట్టుకునే చూడాలా?

జ: అక్కర్లేదు మాస్టారూ. తెర దగ్గరే ఉన్నా, మధ్యలో ఉన్న లెన్సు దాన్ని మీటరు పైచిలుకు దూరంలో ఉన్నట్టు కంటికి చూపిస్తుంది. అందుకే చత్వారం అద్దాలు చాలామందికి అవసరం పడవు. దూరం కనబడనివాళ్లకు మాత్రం అద్దాలు ఉండాల్సిందే. వాళ్లు హెడ్‌సెట్‌ను ముందు ముఖానికి ఆనించి తర్వాత పట్టీ వెనక్కి లాగాలి, తీసేటప్పుడూ ముందుకే లాగాలి. కళ్లజోడు హెడ్‌సెట్ లెన్సుకు రాసుకుంటే రెండూ గీతలు పడతాయి. పవరుకు తగ్గట్టు హెడ్‌సెట్‌లోనే బిగించే లెన్సులు చేయించుకోవచ్చు, రోజూ ఆడేవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదు.

ఇంకా మసగ్గా ఉంటే రెండు లెన్సుల మధ్య దూరం సరిచూడండి. క్వెస్ట్ 3లో కింద ఒక చక్రం ఉంటుంది, అది తిప్పితే లెన్సులు దగ్గరికీ దూరానికీ జరుగుతాయి. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీ కంటిపాపల మధ్య దూరం ఎంతో అడిగి రాసుకుంటే సరిపోతుంది.

ప్ర: మా బాబుకు ఎనిమిదేళ్లు. వాళ్ల బాబాయి ఇస్తానంటున్నాడు. రోజుకు అరగంటే కదా అని మావారు. మీరేమంటారు?
- సీతమ్మధార

జ: వద్దంటాను. క్వెస్ట్‌కు మెటా కంపెనీ పెట్టిన కనీస వయసు పదేళ్లు, అదీ తల్లిదండ్రుల అదుపులో ఉండే ఖాతాతో. సోనీ వాళ్ల పీఎస్ వీఆర్2కు 12. కళ్లు పాడవుతాయని భయపెట్టడానికి కాదు చెప్పేది. పిల్లల కంటిపాపల మధ్య దూరం తక్కువ, లెన్సులు అంత దగ్గరికి రావు. పైగా అర కిలో బరువు ఆ చిన్న మెడ మీద. వాడికి తిప్పుతున్నా చెప్పడు, ఆట పోతుందని! ఆ అరగంట వెలుతురు ఉండగా వీధిలో ఆడుకోనివ్వండి, ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లలకు దూరపు చూపు తగ్గే సమస్య తక్కువగా వస్తుందని కంటి వైద్యులు చాలాకాలంగా చెబుతున్నదే. బాబాయిగారు నొచ్చుకుంటే రెండేళ్లాగి ఇమ్మనండి, అప్పటికి ఇంకా మంచిది వస్తుంది.

ప్ర: క్వెస్ట్ 3, 3ఎస్, సెకండ్ హ్యాండ్ క్వెస్ట్ 2, ఏది కొనాలి? బీటెక్ చదువుతున్నా, బడ్జెట్ తక్కువ.
- పెందుర్తి

జ: 3ఎస్. 2024 అక్టోబరులో వచ్చినప్పుడు అమెరికాలో దాని మొదటి ధర 299 డాలర్లు. లోపలి చిప్ క్వెస్ట్ 3ది, లెన్సులు మాత్రం క్వెస్ట్ 2 బాపతువి, నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వస్తే చుట్టూ కాంతి చారలు కనబడతాయి, మధ్యలో స్పష్టంగా ఉండి అంచులు మసకగా ఉంటాయి. క్వెస్ట్ 3 లెన్సులు చూశాక ఇవి నచ్చవు, కాబట్టి చూడకండి. క్వెస్ట్ 2 2020 నాటిది, కొన్ని కొత్త ఆటలు దానికి రావడం లేదు. మరీ చవగ్గా వస్తే, కొనే ముందు తెల్లటి తెర తెప్పించి ఎండమచ్చలు ఉన్నాయేమో చూడండి, స్టిక్ వదిలేసినా దానంతట అదే కదులుతుందేమో చూడండి, పాతాయన ఖాతా మీ ఎదుటే తీయించండి. బయటి నుంచి తెప్పిస్తే వారంటీ మన దగ్గర చెల్లుతుందో లేదో ముందే అడగాలి. అమెరికా చార్జరు చదును పిన్నులు మన ప్లగ్గుల్లో చాలావాటిలో దూరవు, మీ ఫోన్ టైప్-సి చార్జరుతో ఎక్కించుకోవచ్చు.

ప్ర: మా అమ్మమ్మకు కాశీ చూపిద్దామని ఆశ. నడవలేదు, బీపీ ఉంది. పెట్టొచ్చా?

జ: పెద్ద వయసు, పైగా బీపీ, కాబట్టి ముందు డాక్టరుగారిని ఒక మాట అడగండి, పేస్‌మేకర్, వినికిడి మిషన్ లాంటివి ఉంటే తప్పనిసరిగా. ఆయన సరేనంటే పెట్టొచ్చు, కానీ చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి. కెమెరా ఒకచోట నిలిపి తీసిన 360 డిగ్రీల వీడియోనే ఎంచుకోండి, పడవలో వెళ్తూ తీసినవీ డ్రోన్‌వీ వద్దు, ఆవిడ నిజంగానే ఎగిరిపోతున్నాననుకుంటారు. 4కే అని రాసుంది కదా అని పెడితే మసగ్గా ఉందంటారు, తప్పు ఆవిడ కళ్లది కాదు. అందులోని 3,840 చుక్కలు చుట్టూ పరుచుకుని ఉంటాయి, ఒక్కసారి కంటి ముందుకు వచ్చేది అందులో మూడో వంతు కన్నా తక్కువే. అడ్డంగా అంతకు రెట్టింపు చుక్కలుండే 8కేలో దొరికితే అదే పెట్టండి. ఆవిడ చూస్తున్నది మీ ఫోన్‌లో కూడా కనబడేలా కాస్ట్ చేసుకోండి, చెయ్యి పట్టుకుని "అదిగో అమ్మమ్మా, ఎడమ పక్కకు తిరుగు, గంగ" అని చెబుతూ ఉండండి. ఒంటరిగా మాత్రం వదలొద్దు, ఘాటు మెట్లు దిగుదామని లేచి నిలబడే అవకాశం బాగా ఉంది.

ప్ర: మొదటి వారం అన్నం కూడా మానేసి ఆడాను. నెల తిరక్కముందే బీరువా ఎక్కింది. నాకేనా ఇలా?
- ఎన్‌ఏడీ జంక్షన్

జ: మీకొక్కరికే కాదు. ఆ మొదటి వారం ఆశ్చర్యం నిజమైనదే, దాన్ని తక్కువ చేయను, కానీ అది ఎవరికైనా కొద్ది రోజులే. తర్వాత జరిగేది ఏమిటంటే, పనయ్యాక కాసేపు ఆడదామని తీస్తే చార్జింగ్ ఉండదు, ఉంటే అప్‌డేట్ అంటుంది, అది అయ్యాక టీపాయ్ జరపాలి, ఇంతలో అన్నానికి పిలుస్తారు. ఫోన్ జేబులోంచి తీస్తే చాలు, దీనికి అంత తతంగం. అందుకని నేను చెప్పేది, చేతికందే చోట చార్జింగ్‌లో ఉంచండి, ఒక్కసారి చార్జ్ చేస్తే వచ్చేది రెండు గంటల చిల్లరే. ఆటలు కొంటూ పోకండి, చెమట పట్టించేది ఒకటి, కూర్చుని ఆడేది ఒకటి, చాలు. ఇరవై నిమిషాలు ఆడి తీసేయడానికే ఈ వస్తువు బాగుంటుంది. సినిమా మొత్తం చూద్దామనుకునేవాళ్లే త్వరగా విసిగిపోతారు, ముక్కు మీద ఆ బరువుతో మరి.

అయినా మనసు పోకపోతే అమ్మేయండి, కొత్త మోడల్ వచ్చాక సగం ధర కూడా రాదు. అమ్మే దాకా సగం చార్జింగ్‌తో డబ్బాలో పెట్టండి, కంట్రోలర్లలో పెన్సిల్ సెల్స్ తీసేయండి, మన తేమకు అవి కారి లోపలంతా తుప్పు పట్టిస్తాయి.