మూడు పాలసీలుండగా నాలుగోది అవసరమా?

ఆఫీసు ఆరోగ్య బీమా, భార్య ఆఫీసు బీమా, సొంతంగా కొన్న పాలసీ ఉన్నాయి, ఇంకొకటి కూడా తీసుకుంటే ధైర్యంగా ఉండవచ్చా అని అడిగారు. వద్దండీ. నా లెక్కన ఆ మూడింటిలోనే ఒకటి ఎక్కువ. మా ఇంట్లోనూ సరిగ్గా ఆ మూడే ఉండేవి.

మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్లు తీశారు. ఆసుపత్రిలో 4 రోజులు, క్లెయిమ్ తేలడానికి 5 నెలలు. ఆమె ఆఫీసు పాలసీలో గది అద్దెకు పరిమితి ఉంది. మిగిలిన సొమ్ము కోసం నా ఆఫీసు పాలసీకి వెళ్తే, మొదటి సంస్థ ఎంత చెల్లించిందో తెలిపే సెటిల్‌మెంట్ లెటర్ తెమ్మన్నారు. ఒరిజినల్ బిల్లులు ఒక్క సెట్టే, అదీ మొదటి సంస్థ దగ్గరే ఉండిపోయింది. నకళ్ల మీద ఆసుపత్రి ముద్ర వేయించాలి. డిశ్చార్జి సమ్మరీలో ఆమె ఇంటిపేరు తప్పు రాశారని అదొక తిరుగుడు. రోగి పేరు చూసి రాయడానికి ఏం కష్టమో నాకిప్పటికీ అర్థం కాదు! కుట్లు ఆరని మనిషిని ఇంట్లో ఒంటరిగా వదిలి నేను బిల్లింగ్ కౌంటర్ ముందు నిలబడ్డాను. ఆ బాధ ఇంకా పోలేదు. రెండో సంస్థ తేల్చేసరికి మూడోదానికి కాగితాలు పంపే గడువు దాటిపోయింది. గ్లౌజులు, సిరంజీల ఖర్చును మొదటివాళ్లు కొట్టేశారు, రెండోవాళ్లూ కొట్టేశారు.

మూడు చోట్లా డబ్బు వస్తుందని చెప్పి ఏజెంటు మాకు ఆ మూడో పాలసీ అంటగట్టాడు. అది అబద్ధం. ఆసుపత్రి బిల్లు చెల్లించే పాలసీలు ఎన్ని ఉన్నా, అన్నీ కలిపి అసలు ఖర్చుకు మించి ఇవ్వవు. తీవ్రమైన జబ్బు నిర్ధారణ అయితే నిర్ణీత మొత్తం ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ, రోజుకింత అని ఇచ్చే హాస్పిటల్ క్యాష్ వేరు. ఈ తేడా చెప్పకుండా పాలసీ అమ్మడం నా దృష్టిలో మోసమే.

ఉద్యోగం పోతే ఆఫీసు బీమా కూడా పోతుంది కాబట్టి సొంత పాలసీని వదలకండి. వదిలేసి తర్వాత కొత్తది తీసుకుంటే పాత జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని నిరీక్షణ కాలం మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారు. బీమా మొత్తం చాలదనిపిస్తే దాని మీదే టాప్-అప్ తీసుకోండి. నిర్ణీత ఖర్చు దాటాకే అది పనిచేస్తుంది కనుక ప్రీమియం తక్కువ. మీకు ఇప్పటికే ఉన్న పాలసీలన్నీ దరఖాస్తులో రాయండి. దాచారని తేలితే క్లెయిమ్‌కే ఎసరు.

నా ఆఫీసు పాలసీలోంచి ఆమె పేరు తీయించాం. ఆమె కోసం జీతంలో పడే ప్రీమియం కోత ఆగింది. ఏ పాలసీని ముందు వాడాలో, ఎన్ని రోజుల్లో కాగితాలు పంపాలో రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించాం.