నహూము మీద వాక్యం చెప్పబోయే తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి ప్రభువు నామంలో వందనాలు.

యూత్ మీటింగ్‌లో బైబిల్లోని నహూము గ్రంథం మీద మాట్లాడమన్నారని, ఎక్కడ చూసినా ఉగ్రతే కనిపిస్తుంటే టెన్షన్‌గా ఉందని రాశావు. ఆ భయం ఉండటం మంచిదే. తీర్పు గురించి హుషారుగా మాట్లాడేవాళ్ళని చూస్తేనే నాకు దిగులు.

ముందు మూడు అధ్యాయాలూ ఒకేసారి పైకి చదువు. మొత్తం 47 వచనాలే. నహూము ప్రవక్త తీర్పు చెప్పింది అష్షూరు సామ్రాజ్య రాజధాని నీనెవె మీద. చదివేటప్పుడు ఆ నీనెవె సైన్యం తొక్కేసిన ఊళ్ళవైపు నిలబడి విను. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా రాజ్యంలోని లాకీషు పట్టణాన్ని పట్టుకుని, ఆ విజయాన్ని నీనెవెలో తన రాజభవనం గోడల మీద చెక్కించుకున్నాడు. ఆ రాతి పలకలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఫోటోలు నెట్‌లో దొరుకుతాయి, తప్పకుండా చూడు. కోట బయట మనుషుల్ని కొరత వేశారు. ఎద్దుబండి మీద మూటల మధ్య ఆడవాళ్ళు, పిల్లలు చెరలోకి పోతున్నారు. రాజు సింహాసనం మీద కూర్చుని చూస్తున్నాడు. ఆ బండి మీది తల్లికి నహూము చదివి వినిపించినట్టు ఊహించుకో. తీర్పు మాట ఆమె చెవికి విడుదల కబురులా వినబడుతుంది.

అందుకే అంత ఉగ్రత మధ్యలో మొదటి అధ్యాయం ఏడో వచనం ఉంది: "యెహోవా ఉత్తముడు, శ్రమ దినమందు ఆయన ఆశ్రయదుర్గము." దాన్నొక్కదాన్నే విడదీసి వాగ్దానం కార్డులా పంచకు, ముందూ వెనకా కలిపి చెప్పు. అధ్యాయం చివర సమాధానం, అంటే శాంతి, చాటించేవాని పాదాలు పర్వతాల మీద కనబడతాయి. దుర్మార్గుడు ఇక నీ మధ్య తిరగడు, పండుగ చేసుకో అని యూదాకు కబురు. బాధపెట్టేవాణ్ణి వదిలేసి, బాధపడేవాళ్ళని సర్దుకోమనేది బైబిలు చెప్పే సమాధానం కాదు. యిర్మీయా ప్రవక్త గద్దించింది అలాంటి ఉత్తుత్తి సమాధానాన్నే. నీ మెసేజ్‌కి గుండెకాయ ఇదే అనుకుంటాను.

చరిత్రకి ఎక్కువ టైం ఇవ్వకు. క్రీ.పూ. 612లో బబులోనీయులు, మాదీయులు కలిసి నీనెవెను కూల్చారు, అంతవరకు చాలు. యోనా గ్రంథాన్ని మాత్రం పక్కన పెట్టుకుని చదువు. కుడి ఎడమలు తెలియని 1,20,000 మందికి పైగా ఉన్నారని దేవుడు జాలిపడింది ఈ పట్టణం మీదే. అంత దీర్ఘశాంతం చూపాక వచ్చిన తీర్పును ఎగతాళిగా చెప్పడానికి నోరెలా వస్తుంది?

వినేవాళ్ళలో అన్యాయానికి గురైనవాళ్ళు ఉంటారు. "వెంటనే క్షమించెయ్" అని వాళ్ళ మీద బరువు పెట్టకు. రోమా పత్రిక 12వ అధ్యాయం చదివించు. పగ తీర్చే పని దేవుడికి వదిలెయ్యమన్నాకే, శత్రువు ఆకలిగా ఉంటే అన్నం పెట్టమంటాడు పౌలు. న్యాయం ఆయన చూసుకుంటాడన్న నమ్మకం కుదరందే ఆ అన్నం పెట్టడానికి చెయ్యి రాదు. అవసరమైతే అధికారులకు ఫిర్యాదు చెయ్యడం పగ కాదని కూడా చెప్పు. మరుసటి అధ్యాయమే అధికారిని దేవుని పరిచారకుడు అంటోంది.

ఇక నీ మట్టుకు నువ్వు, మాట్లాడే ముందు రోజు ప్రార్థనలో ఒకటి అడుగు: నా వల్ల ఏడుస్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉంటే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి సరిచేసుకో. ముగింపులో యెషయా 53:5 చదువు: "మన సమాధానార్థమైన శిక్ష అతనిమీద పడెను." నీనెవెకి చెప్పిన మాట మనకూ తగులుతుందని, ఆ దెబ్బ సిలువ మీద యేసు తిన్నాడని అక్కడ తొందరపడకుండా చెప్పు.

శనివారంలోపు నోట్స్ పంపితే చదివి ఫోన్ చేస్తాను.

ప్రభువులో,
నీ పెద్దన్న