చైనా సరుకు తెప్పిస్తానంటున్న కొడుకుకు ఇప్పుడే 4 లక్షలు ఇవ్వాలా?

ప్రశ్న: మాది తెనాలి. చాలా ఏళ్లుగా ఫ్యాన్సీ షాపు నడుపుతున్నాను. జీఎస్టీ కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులు తక్కువ రేటుతో పన్ను కట్టే పద్ధతిలో ఉన్నాను. మా అబ్బాయి బీకామ్ కంప్యూటర్స్ పూర్తిచేశాడు, ఉద్యోగం వద్దంటున్నాడు. చైనా నుంచి పిల్లల బొమ్మలు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తెప్పించి షాపులోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్ముతానని 4 లక్షలు అడుగుతున్నాడు. కేజీకి ఇంత అని తీసుకుని సరుకు ఇంటికే చేర్చే ఏజెంట్ ఒకరు దొరికారట, లైసెన్సులేవీ అక్కర్లేదని ఆయన చెప్పారట. నా జీఎస్టీ మీదే ఈ వ్యాపారం చేసుకోవచ్చా? పన్నులు ఎంత పడతాయి? డబ్బు ఇవ్వమంటారా? – ఒక తండ్రి

జవాబు: మీ అబ్బాయి ఆలోచన చెడ్డది కాదండీ. ఏ వస్తువు ఎందుకు అమ్ముడుపోతుందో, ఏది అటక మీదే మిగిలిపోతుందో చిన్నప్పటి నుంచీ షాపులో చూస్తూ పెరిగిన కుర్రాడు. దిగుమతి వ్యాపారంలోకి దిగేవాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఉండదు. అయితే అతను ఎంచుకున్న సరుకూ, పట్టుకున్న దారీ రెండూ ప్రమాదకరమైనవే. అందుకని 4 లక్షలు ఇప్పుడే చేతిలో పెట్టకండి.

ముందు సరుకు సంగతి. పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. ఆ మార్కు వేసుకునే లైసెన్సును భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఇచ్చేది బొమ్మలు తయారుచేసే ఫ్యాక్టరీకి, తెప్పించుకునే వ్యాపారికి కాదు. ఫ్యాక్టరీ చైనాలో ఉంటే దరఖాస్తు ఆ ఫ్యాక్టరీయే పెట్టుకోవాలి, తనిఖీ కూడా అక్కడే జరగాలి. లక్ష, రెండు లక్షల సరుకు అడిగే కొత్త కొనుగోలుదారు కోసం ఏ ఫ్యాక్టరీ అంత ఖర్చు పెట్టుకోదు. పైగా బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. దేశంలో బొమ్మల తయారీని కాపాడుకోవడానికి తెచ్చిన విధానం అది. చిన్న పెట్టుబడితో దాన్ని దాటుకుని లాభం చూడటం కష్టం.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకూ బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉండాలి, అదీ ఫ్యాక్టరీ పేరు మీదే. వైర్‌లెస్ పరికరం కాబట్టి టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ ఆమోదం కావాలి. ఎలక్ట్రానిక్ వస్తువు కాబట్టి ఈ-వ్యర్థాల నిబంధనల కింద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కూడా ఉంటుంది. పవర్ బ్యాంకులు, మొబైల్ ఛార్జర్లు, ఎల్‌ఈడీ లైట్లదీ దాదాపు ఇదే కథ. ఇవి లేకుండా వచ్చిన సరుకును కస్టమ్స్ ఆపేస్తుంది. ఆ తర్వాత తిరిగి పంపడమో, జప్తో, జరిమానాయో. సరుకుకు కట్టిన డబ్బు మాత్రం అప్పటికే చైనా చేరి ఉంటుంది.

ఇక ఆ కేజీ రేటు ఏజెంట్. నన్ను బాగా భయపెట్టింది ఇదే. ఇలాంటివాళ్లు పదిమంది సరుకు కలిపి వేరే ఎవరి పేరు మీదో తెప్పిస్తారు. సరుకు వివరాలతో దిగుమతిదారు కస్టమ్స్‌లో వేసే పత్రాన్ని బిల్ ఆఫ్ ఎంట్రీ అంటారు, అందులో మీ అబ్బాయి పేరు ఉండదు. అంటే ఆ సరుకు మన దేశంలోకి సక్రమంగా వచ్చిందని, పన్ను కట్టామని చూపించడానికి అతని దగ్గర ఒక్క కాగితమూ ఉండదు. రేపు జీఎస్టీ అధికారులు షాపుకొచ్చి ఈ పెట్టెల కొనుగోలు బిల్లు చూపించమంటే ఏం చూపిస్తారు? అక్రమంగా వచ్చిన సరుకని తెలిసీ దగ్గర పెట్టుకుంటే కస్టమ్స్ చట్టం కింద అదీ నేరమే. దొరికేది ఏజెంట్ కాదు, సరుకు ఎవరి షాపులో ఉంటే వాళ్లు. ఇక్కడ ఆ షాపు మీది. ఏజెంట్‌ను అబ్బాయి ఒకే ఒక ప్రశ్న అడగాలి: ‘బిల్ ఆఫ్ ఎంట్రీ నా పేరు మీద, నా జీఎస్టీ నంబరుతో వస్తుందా?’ సూటిగా అవునని చెప్పకపోతే ఆ బేరం అక్కడితో వదిలేయాలి.

‘గిఫ్ట్’ అని రాయించి చిన్న చిన్న పార్సిళ్లుగా తెప్పిద్దామనే సలహా కూడా కొందరు ఇస్తారు. 2019 డిసెంబరు నుంచి ప్రాణాధార మందులు, రాఖీలు తప్ప పూర్తి సుంకం కట్టకుండా గిఫ్ట్ పేరుతో పోస్టులో, కొరియర్‌లో సరుకు తెప్పించుకోవడం నిషేధం. ఆ ఆలోచన వస్తే మొగ్గలోనే తుంచేయండి.

మరి సరైన దారి ఏది? అది హెచ్‌ఎస్ కోడ్‌తో మొదలవుతుంది. ప్రతి వస్తువుకూ కస్టమ్స్ టారిఫ్‌లో 8 అంకెల కోడ్ ఉంటుంది. సుంకం ఎంత, జీఎస్టీ ఎంత, ఏ అనుమతులు కావాలి అన్నదంతా దాన్నిబట్టే. కుందేలు ఆకారంలో ఉండే పిల్లల బెడ్ ల్యాంపు ఒకటి తీసుకోండి. అది బొమ్మ అయితే 9503 శీర్షిక కిందికి వస్తుంది, దీపం అయితే 9405 కిందికి. సుంకం మారిపోతుంది, బీఐఎస్ నిబంధన మారిపోతుంది. వస్తువు అసలు ఉపయోగం ఏమిటి, దేనితో తయారైంది అనేదాన్నిబట్టే కోడ్ నిర్ణయిస్తారు. తక్కువ సుంకం ఎక్కడుందో చూసి కోడ్ ఎంచుకోవడం కుదరదు. కోడ్ తప్పు రాస్తే బాధ్యత దిగుమతిదారుదే. మన తరఫున కస్టమ్స్ పని చేసిపెట్టే బ్రోకరు రాశాడండీ అంటే వినరు. అందుకే సరఫరాదారుతో బేరం మొదలుపెట్టకముందే అనుభవమున్న కస్టమ్స్ బ్రోకరుకు, అదే సీహెచ్‌ఏ అంటారే ఆయనకు, వస్తువు ఫోటో, దేనితో చేశారో ఆ వివరాలు పంపి కోడ్ అడగాలి. దానికి ఇచ్చే ఫీజు గురించి వెనకాడొద్దు.

ఆ తర్వాత ఐఈసీ, అంటే దిగుమతి-ఎగుమతి కోడ్. వ్యాపారం కోసం ఏం దిగుమతి చేసుకోవాలన్నా ఈ కోడ్ ఉండాలి. విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ దరఖాస్తు, ఫీజు 500 రూపాయలు. పాన్ నంబరే ఐఈసీ నంబరు అవుతుంది. అబ్బాయి తనే కూర్చుని చేసుకోగలడు, దీనికి వేలు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లనక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం మర్చిపోకూడదు. ఏ వివరమూ మారకపోయినా ఏటా ఏప్రిల్–జూన్ మధ్య ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. లేకపోతే కోడ్ పనిచేయడం ఆగిపోతుంది. సరుకు రేవులో దిగాక ఆ సంగతి బయటపడితే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు.

మీ జీఎస్టీ మీద చేసుకోవచ్చా అని అడిగారు. వద్దు. దిగుమతి సరుకు మీద కస్టమ్స్‌లోనే ఐజీఎస్టీ, అంటే దిగుమతుల మీద వేసే జీఎస్టీ, కట్టాలి. రెగ్యులర్ డీలరైతే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుని అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులో తగ్గించుకుంటాడు. కాంపోజిషన్ డీలరుకు ఆ వీలు లేదు, కట్టింది కట్టినట్టే పోతుంది. పైగా కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రాలకు అమ్మకూడదు, అబ్బాయేమో ఆన్‌లైన్‌లో దేశమంతా అమ్ముదామంటున్నాడు. కాబట్టి అతని పాన్ మీద, ప్రొప్రయిటర్‌గా, వేరే రెగ్యులర్ జీఎస్టీ తీసుకోనివ్వండి. ఇప్పుడే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి ఏటా ఆడిట్ ఖర్చు నెత్తిన వేసుకోవాల్సిన పని లేదు. అమ్మకాలు లేని నెలైనా రిటర్న్ వేయాల్సిందేనని మాత్రం ముందే చెప్పండి. అతను మీ షాపుకు సరుకు అమ్మితే జీఎస్టీ బిల్లు మీదే అమ్మాలి. ఆ పన్ను మీకు క్రెడిట్ రాదు కాబట్టి మీ ధరలో అదీ కలుపుకోవాలి.

పన్నుల లెక్క ఇలా ఉంటుంది. సుంకం 20 శాతం, జీఎస్టీ 18 శాతం ఉన్న వస్తువు ఒకటి ఉందనుకుందాం. సరుకు ధర 2,00,000, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపి 25,000. కస్టమ్స్ లెక్కలో విలువ 2,25,000. దాని మీద సుంకం 45,000. ఆ సుంకం మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి, 4,500. అన్నీ కలిపితే 2,74,500, దాని మీద ఐజీఎస్టీ 49,410. మొత్తం కస్టమ్స్‌లో కట్టాల్సింది 98,910 రూపాయలు. ఇందులో 49,410 క్రెడిట్‌గా ఉంటుంది, కానీ సరుకు అమ్ముడయ్యే కొద్దీ మాత్రమే చేతికొస్తుంది. మిగతా 49,500 ఖర్చే, అది వెనక్కి రాదు. దీనికి సీహెచ్‌ఏ ఫీజు, రేవులో ఛార్జీలు, తెనాలి దాకా లారీ కిరాయి కలపండి. కంటైనర్‌లో కొంత చోటు మాత్రమే తీసుకునే ఎల్‌సీఎల్ పద్ధతిలో చైనాలో చెప్పే కిరాయి చాలా చౌకగా ఉంటుంది, ఇక్కడ దిగాక వేసే డెస్టినేషన్ ఛార్జీలు దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. వాటిని ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. వీడియోల్లో ‘అక్కడ 50, ఇక్కడ 200’ అని చెప్పేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

సుంకం తగ్గించుకోవడానికి ఇన్‌వాయిస్ సగానికి వేయించి, మిగతా సగం వేరే దారిలో పంపే అలవాటు ఒకటి మార్కెట్‌లో ఉంది. దాని జోలికి అస్సలు పోవద్దు. అదే వస్తువును దేశమంతటా ఎంత ధరకు దిగుమతి చేస్తున్నారో కస్టమ్స్ దగ్గర డేటా ఉంటుంది. పట్టుబడితే సుంకం, వడ్డీ, జరిమానా మాత్రమే కాదు, విదేశీ మారకపు చట్టం కేసు కూడా మెడకు చుట్టుకుంటుంది. డబ్బు ఎప్పుడూ కరెంటు ఖాతా నుంచి, విదేశీ మారకం వ్యవహారాలు చూసే బ్యాంకు బ్రాంచి ద్వారా, సరుకు పంపకముందే అమ్మేవాళ్లు ఇచ్చే ప్రొఫార్మా ఇన్‌వాయిస్ చూపించి పంపాలి. సరుకు వచ్చాక బిల్ ఆఫ్ ఎంట్రీతో ఆ చెల్లింపు సరిపోలాలి. అడ్వాన్సు పంపి సరుకు రాకపోతే బ్యాంకు ఊరుకోదు, అడుగుతూనే ఉంటుంది.

చైనా నుంచి ఓడలో వచ్చే సరుకుకు ఓడ చేరే ముందు రోజుకల్లా బిల్ ఆఫ్ ఎంట్రీ వేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000 చొప్పున ఛార్జీ పడుతుంది. చిన్న సరుకు లాభమంతా ఇందులోనే పోతుంది. ప్యాకెట్ల మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలి. ఫ్యాక్టరీలోనే అచ్చు వేయించడం మేలు. తూనికలు, కొలతల శాఖ దగ్గర దిగుమతిదారుగా నమోదు కూడా చేసుకోవాలి.

ఇక డబ్బు. ముందు 50 వేలతో మొదలుపెట్టనివ్వండి, అదీ దిగుమతికి కాదు. హైదరాబాద్ బేగంబజార్‌లోనో చెన్నైలోనో ఉన్న దిగుమతిదారుల దగ్గర పక్కా జీఎస్టీ బిల్లుతో, ఐఎస్‌ఐ లాంటి మార్కులు ఉన్న సరుకే కొని, ఆన్‌లైన్‌లో ఆరు నెలలు అమ్మి చూడమనండి. ఏది కదులుతుందో, ఎన్ని వెనక్కి వస్తాయో, ప్లాట్‌ఫామ్ కమీషన్ పోగా ఎంత మిగులుతుందో తెలుస్తుంది. అదే సమయంలో విశాఖలోనో చెన్నైలోనో కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో చిన్న జీతానికైనా చేరితే ఇంకా మంచిది. బీకామ్ చదివాడు కాబట్టి ఇన్‌వాయిస్‌లు, బిల్ ఆఫ్ ఎంట్రీలు తొందరగానే అర్థమవుతాయి. ఆ పని నచ్చితే అదే ఒక కెరీర్. బ్రోకర్ల ఉద్యోగులకు కస్టమ్స్ పెట్టే జి-కార్డు పరీక్ష పాసై, ఆ కార్డుతో రెండేళ్లు పనిచేసిన డిగ్రీ అభ్యర్థులు కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సు పరీక్షకు అర్హులు. ఉద్యోగం వద్దన్న కుర్రాడికి ఇది ఉద్యోగంలా కాకుండా వ్యాపారానికి శిక్షణలా చెప్పి చూడండి.

ఆ తర్వాత అతను ఒక వస్తువు ఎంచుకుని, దాని కోడ్, దానికి కావాల్సిన అనుమతులు, పైన చెప్పినట్టు రూపాయి రూపాయి లెక్కేసిన కాగితం మీ ముందు పెడితే, అప్పుడు మిగతా మూడున్నర లక్షలు ఇవ్వండి. ఇచ్చేది మీ ఖాతా నుంచి అతని ఖాతాకు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. తండ్రి కొడుకుకు ఇచ్చే డబ్బు మీద ఆదాయపు పన్ను లేదు. అప్పుగా ఇస్తే మాత్రం 20 వేలు, అంతకు మించి నగదుగా ఇవ్వడం కుదరదు.